గూడవల్లి రామబ్రహ్మం

గూడవల్లి రామబ్రహ్మం (మరణం: 1946 అక్టోబరు 1) తెలుగు సినిమా తొలితరం దర్శకులలో ప్రముఖుడు, పత్రికా సంపాదకుడు మరియు నిర్మాత. తెలుగు టాకీలు దాదాపు పూర్తిగా పురాణ కథలమీదనే ఆధారపడి నడుస్తున్న కాలంలో అస్పృశ్యత, జమీందారీ వ్యవస్థ వంటి సమకాలీన సమస్యలను ఇతివృత్తాలుగా తీసుకొని మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) చిత్రాలను రూపొందించాడు. తెలుగువారి మధ్యయుగ చరిత్రలోని ఒక ప్రధాన ఘట్టాన్ని తెరకెక్కించిన పల్నాటి యుద్ధం (1947) ఆయన చివరి చిత్రం. అది పూర్తికాకముందే ఆయన మరణించాడు.

నేపథ్యం

రామబ్రహ్మం కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో జన్మించాడు. గుడివాడ, బందరు ప్రాంతాలు అప్పట్లో రాజకీయ చైతన్యానికి, నాటకరంగానికి, పత్రికలకు పెట్టింది పేరు. జాతీయోద్యమం ఒకవైపు, బ్రాహ్మణేతర ఉద్యమం మరొకవైపు, గ్రంథాలయోద్యమం, రైతు ఉద్యమం ఇంకొకవైపు యువకులను ఆకర్షిస్తున్న రోజులవి. రామబ్రహ్మం ఆలోచనలలో ఈ పాయలన్నీ కలిసి కనిపిస్తాయి. ఆయనను కేవలం గాంధేయవాదిగానో, కేవలం జస్టిస్ పార్టీ అభిమానిగానో చూపించే వ్యాసాలు అక్కడక్కడ కనిపిస్తాయి గాని, ఆయన చిత్రాలు చూసినవారికి ఆ ముద్రలు రెండూ చాలవని తెలుస్తుంది.

సినిమాలలోకి రాకముందు ఆయన సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలకు సంపాదకుడుగా పనిచేశాడు. రచయితలను గుర్తించడం, వారిచేత వ్రాయించడం, తగువులు వచ్చినప్పుడు సర్దిచెప్పడం పత్రికా సంపాదకుడి నిత్యకృత్యాలు. దర్శకుడైన తరువాత ఆయనకు బాగా అక్కరకు వచ్చిన విద్య ఇదే. గుడిపాటి వెంకటచలం, తాపీ ధర్మారావు, త్రిపురనేని గోపీచంద్, కొసరాజు రాఘవయ్య వంటివారు ఆయన చిత్రాలకు పనిచేశారు. వీరిలో పలువురికి అంతకుముందు సినిమాతో పరిచయం తక్కువ, లేదా అసలే లేదు.

అప్పటి తెలుగు సినిమా

మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ కలిసి 1921లో భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ చిత్రాన్ని నిర్మించారు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలయింది. ఆ తరువాతి కొన్ని సంవత్సరాలలో వచ్చినవన్నీ ఇంచుమించు రంగస్థలం మీద ఆడుతున్న పౌరాణిక నాటకాలకు తెర రూపాలే. నాటకంలో పద్యానికి చప్పట్లు పడినచోటనే సినిమాలోనూ పద్యం ఉండేది. సంభాషణలు గ్రాంథికంలో సాగేవి. 1936లో వచ్చిన ప్రేమవిజయం సాంఘిక కథే గాని ప్రజాదరణ పొందలేదు. 1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన గృహలక్ష్మి మద్యపానం వల్ల కలిగే కీడును చూపింది.

ఈ పరిస్థితులలో రామబ్రహ్మం చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ ఆర్థిక సహాయంతో సారథి ఫిలిమ్స్ సంస్థను నెలకొల్పాడు. జమీందార్లు సినిమాలకు పెట్టుబడి పెట్టడం అప్పట్లో వింత కాదు. కృష్ణా జిల్లాలోనే మీర్జాపురం రాజా కూడా చిత్రనిర్మాత. అయితే ఒక జమీందారు డబ్బుతో ఏర్పడిన సంస్థ తన రెండవ చిత్రంగా జమీందారీ వ్యవస్థను ఎండగట్టే కథను ఎన్నుకోవడం మాత్రం వింతే. రామబ్రహ్మం జీవితంలో ఆసక్తికరమైన చిక్కుముడి ఇది.

మాలపిల్ల

సారథి వారి మొదటి చిత్రం మాలపిల్ల. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. సంగీతం భీమవరపు నరసింహారావు. కాంచనమాల కథానాయిక సంపలత పాత్రను, గాలి వెంకటేశ్వరరావు కథానాయకుడు నాగరాజు పాత్రను, గోవిందరాజుల సుబ్బారావు ఛాందస బ్రాహ్మణుడైన సుందరరామశాస్త్రి పాత్రను పోషించారు.

కళ్యాణపురం అనే ఊరిలో హరిజనులకు ఆలయ ప్రవేశం లేదు. శాస్త్రి అందుకు గట్టి పట్టుదలతో అడ్డుపడుతూ ఉంటాడు. ఆయన కుమారుడే హరిజన యువతిని ప్రేమించి, ఆమెతో కలకత్తా వెళ్ళిపోతాడు. చివరకు శాస్త్రి ఇల్లు తగలబడినప్పుడు ఆయన భార్యను కాపాడినది ఒక హరిజనుడు. దానితో శాస్త్రి మనసు మారి ఆ జంటను ఆశీర్వదిస్తాడు. ఒక అగ్నిప్రమాదంతో తరతరాల నమ్మకం మారిపోవడం నేటి పాఠకునికి తేలికగా అనిపించవచ్చు. కాని 1938 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టబద్ధమైన రక్షణ ఇంకా సమగ్రంగా ఏర్పడలేదు. మదురై మీనాక్షి ఆలయంలోకి హరిజనులు ప్రవేశించినది, అటువంటి ప్రవేశానికి రక్షణ కల్పించే శాసనం వచ్చినది 1939లో. అంటే సినిమా చట్టం కంటే ముందే ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

ఈ చిత్రం పేరు, ఉన్నవ లక్ష్మీనారాయణ వ్రాసిన మాలపల్లి నవల పేరు దగ్గరగా ఉండటం వలన కొందరు విద్యార్థులు ఈ రెండూ ఒకే కథ అని పొరబడుతుంటారు. మాలపల్లి 1920లలో వెలువడి ప్రభుత్వ నిషేధానికి గురయిన నవల. దానికీ ఈ చిత్ర కథకూ సంబంధం లేదు.

మాలపిల్లలోని మరొక ముఖ్య విశేషం భాష. పాత్రలు వాడుక భాషలో మాట్లాడతాయి. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం పత్రికలలో, పుస్తకాలలో అప్పటికే బలపడినా, తెరమీద అది వినిపించడం కొత్త. పద్యాలకు, సమాసాలకు అలవాటుపడిన ప్రేక్షకులకు తమ ఇంటిలో వినే మాటలే సినిమాహాలులో వినబడ్డాయి. సనాతనులు చిత్రాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. వారికి సమాధానంగా అగ్రహారాల బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశం ప్రకటించారని చెబుతారు. ఏమైనా చిత్రం ఘన విజయం సాధించింది. కాంచనమాల ఆ కాలపు అగ్రతారగా స్థిరపడింది.

రైతుబిడ్డ

1939 ఆగస్టులో విడుదలయిన రైతుబిడ్డ రామబ్రహ్మం చిత్రాలలో అత్యంత సాహసోపేతమైనది. దీనిని అర్థం చేసుకోవడానికి అప్పటి భూమి పరిస్థితి కొంత తెలియాలి.

1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు తరువాత కోస్తా ఆంధ్రలో విస్తారమైన భూభాగం జమీందార్ల చేతులలోకి వెళ్ళింది. ఉత్తరాన ఉన్న విశాఖపట్నం జిల్లాలో ఈ తీరు మరీ ఎక్కువ. విజయనగరం, బొబ్బిలి, సాలూరు వంటి సంస్థానాలన్నీ అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఎలమంచిలి, అచ్యుతాపురం ప్రాంతాలు కూడా ఆ విశాల జిల్లాలోనివే. శిస్తు, దానిపై వడ్డీ, అవి గాక నానారకాల మామూళ్ళు రైతును పిప్పిచేసేవి. 1937-38లో రైతు సంఘాల ఆధ్వర్యంలో ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు రైతు రక్షణ యాత్ర కోస్తా పొడవునా సాగింది. జమీందారీ సమస్యపై టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన శాసనసభా సంఘం 1938లో తన నివేదికను సమర్పించింది.

రాజకీయంగా కూడా అది సంధికాలం. మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు) ఉన్న బొబ్బిలి రాజా 1937 ఎన్నికలలో బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. సొంత సంస్థానంలోనే రాజును ఓడించగలిగే శక్తి ఓటుకు ఉందని జనానికి తెలిసివచ్చింది.

రైతుబిడ్డ కథ సరిగ్గా ఈ ఓటు చుట్టూనే తిరుగుతుంది. నరసిరెడ్డి ఒక చిన్న రైతు, అప్పులలో ఉన్నవాడు. ఎన్నికలలో జమీందారు నిలబెట్టిన అభ్యర్థికి గాక రైతుల పక్షాన నిలబడినవాడికి ఓటు వేస్తాడు. ఆ ఒక్క పనికి అతడి కుటుంబం మొత్తం వేధింపులకు గురవుతుంది. కథ చివరకు జమీందారులో పశ్చాత్తాపంతో ముగుస్తుంది. మాలపిల్లలో శాస్త్రి మారినట్లే ఇక్కడ జమీందారు మారతాడు. వ్యవస్థను నిలదీసి, ముగింపులో వ్యక్తిని క్షమించడం రామబ్రహ్మం పద్ధతి అనుకోవచ్చు. ఇది గాంధీ ప్రభావమా, పెట్టుబడిదారు పట్ల మొహమాటమా, లేక హాలు దాటి బయటకు వెళ్ళే ప్రేక్షకుడికి ఊరట కలిగించే వ్యాపార సూత్రమా అన్నది చర్చనీయాంశం. మూడింటికీ ఇందులో కొంత చోటు ఉందనే చెప్పాలి.

నరసిరెడ్డి పాత్రను ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పోషించాడు. రంగస్థలం మీద రాజుల, వీరుల పాత్రలకు పేరుపొందిన రాఘవ ఇందులో అప్పులపాలైన రైతుగా కనిపిస్తాడు. గిడుగు వెంకట సీతాపతి, పి.సూరిబాబు, టంగుటూరి సూర్యకుమారి ఇతర నటీనటులు. గోపీచంద్ సినిమా రచన ఈ చిత్రంతోనే మొదలయింది. కొసరాజు జానపద బాణీలో పాటలు వ్రాశాడు. ఆ పాటలలోని నుడికారం పొలంగట్లమీద వినిపించేది. కొసరాజు ఆ తరువాత దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో జానపద గేయానికి పర్యాయపదంగా నిలిచాడు.

చిత్రం విడుదల కాగానే వేంకటగిరి, బొబ్బిలి జమీందార్ల వైపు నుండి వ్యతిరేకత వచ్చింది. నెల్లూరు జిల్లాలో ప్రదర్శన నిషేధించబడింది. శాంతిభద్రతలకు భంగం అన్న మాట అధికారులకు ఎప్పుడూ అందుబాటులో ఉండేదే. కొన్ని వారాలకే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమై, ప్రజలను కదిలించే ఏ ప్రదర్శననైనా ప్రభుత్వం అనుమానంతో చూసే రోజులు వచ్చాయి. మాలపిల్లకు వచ్చిన ఆర్థిక విజయం దీనికి రాలేదు. అయినా నిషేధం వల్ల చిత్రం పేరు, అది చూడనివారికి కూడా తెలిసిపోయింది. మాలపిల్లకు ఎదురైనది కులాచారం, దానికి నోరు ఉంది గాని అధికార ముద్ర లేదు. రైతుబిడ్డకు ఎదురైనది భూమి, దాని వెనుక కలెక్టరు కచేరీ ఉంది. ఈ రెండు చిత్రాల భాగ్యంలో తేడాకు ముఖ్య కారణం ఇదేనని చెప్పవచ్చు.

తరువాతి చిత్రాలు

1940లో వచ్చిన ఇల్లాలు చిత్రంలో సాలూరి రాజేశ్వరరావు, ఆర్.బాలసరస్వతీదేవి నటించి పాడారు. సంగీత దర్శకుడు కూడా రాజేశ్వరరావే. సాలూరు దగ్గరి శివరామపురం నుండి వచ్చిన ఈ యువకుడు తెలుగు సినిమాలో లలిత సంగీతానికి బాట వేసినవారిలో ఒకడు. కథ కంటే పాటల వల్లనే ఇల్లాలు గుర్తుండిపోయింది. అపవాదు (1941) ద్వారా కె.ఎస్.ప్రకాశరావు నటుడుగా పరిచయమయ్యాడు. పంతులమ్మ (1943) ఉద్యోగం చేసే స్త్రీని కథానాయికగా నిలిపింది.

పత్ని (1942) తమిళ మహాకావ్యం శిలప్పదికారంలోని కణ్ణగి, కోవలన్ కథకు తెలుగు రూపం. ఋష్యేంద్రమణి, ప్రకాశరావు ప్రధాన పాత్రధారులు. అదే సంవత్సరం తమిళంలో కన్నాంబ కథానాయికగా ఇదే కథ చిత్రంగా వచ్చింది. న్యాయం తప్పిన రాజును సభలో నిలదీసే సామాన్య స్త్రీ కథను రామబ్రహ్మం ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. 1945లో వచ్చిన మాయాలోకం మాత్రం పూర్తిగా జానపద వినోదం. యుద్ధకాలంలో ముడి ఫిల్ముకు కరువు ఏర్పడి, చిత్రం నిడివిపై కూడా ప్రభుత్వం పరిమితి విధించిన రోజులవి. అక్కినేని నాగేశ్వరరావు ఇందులో నటించాడు. చిత్రం బాగా ఆడింది.

పల్నాటి యుద్ధం

రామబ్రహ్మం చివరగా చేపట్టినది పన్నెండవ శతాబ్దపు పల్నాటి వీరుల కథ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, ఇద్దరూ దాయాదులు. గురజాల పక్షాన మంత్రిణి నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు ఏడేళ్ళు వలసపోవడం, గడువు తీరినా రాజ్యం తిరిగి దక్కకపోవడం, రాయబారానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలికావడం, చివరకు నాగులేటి ఒడ్డున కారంపూడి రణరంగంలో ఉభయ పక్షాల వీరులు నేలకొరగడం ఇందులోని ప్రధాన ఘట్టాలు. కొత్త పెళ్ళికొడుకు బాలచంద్రుడు, అతడిని యుద్ధానికి సాగనంపే మాంచాల తెలుగు పల్లెలలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పేర్లు. కారంపూడిలో నేటికీ ఏటా వీరుల ఉత్సవాలు జరుగుతాయి.

శ్రీనాథుడు ద్విపదలో రచించినట్లు చెప్పబడే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించాడు. అంతవరకు ప్రధానంగా గాయకుల నోట నడిచిన కథకు అచ్చు రూపం రావడంతో పండితులు, నాటకకర్తలు దానిపై దృష్టి సారించారు. మాలపల్లి రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు అనే నాటకం వ్రాశాడు.

ఈ కథను కేవలం శౌర్యగాథగా చూసేవారు ఒక సంగతి మరచిపోతుంటారు. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టించే చాపకూడు ఏర్పాటు చేసినవాడు. మాల కులానికి చెందిన కన్నమదాసును కొడుకుగా భావించి సేనానిని చేసినవాడు. మాలపిల్ల తీసిన దర్శకుడు ఎనిమిదేళ్ళ తరువాత ఏడెనిమిది వందల సంవత్సరాల వెనుకకు వెళ్ళి అదే ప్రశ్నను మళ్ళీ పట్టుకున్నాడు. ఈ సమస్య మనకు నిన్న మొన్న బయటినుండి వచ్చినది కాదని, దానిపై పోరు కూడా మన నేలమీదనే ఎప్పుడో మొదలయిందని చూపడానికి ఇంతకంటె తగిన కథ దొరకదు. ఆ దృష్టితో చూస్తే పల్నాటి యుద్ధం ఆయన సాంఘిక చిత్రాలకు కొనసాగింపే.

చిత్రంలో కన్నాంబ నాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడుగా, ఎస్.వరలక్ష్మి మాంచాలగా నటించారు. గాలిపెంచల నరసింహారావు సంగీతం సమకూర్చాడు. మాలపిల్లలో ఆలయ ద్వారం మూసిన శాస్త్రిగా నటించిన గోవిందరాజుల, ఇక్కడ చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడుగా కనిపించడం గమనించదగ్గది.

నిర్మాణం సగంలో ఉండగా రామబ్రహ్మం అస్వస్థుడై 1946 అక్టోబరు 1న మరణించాడు. మిగిలిన భాగాన్ని ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. చిత్రం 1947 ఫిబ్రవరిలో, స్వాతంత్ర్యానికి ఆరు నెలల ముందు విడుదలయింది. అందులో ఏ సన్నివేశం ఎవరిదో విడదీసి చూడటం ఇప్పుడు సాధ్యం కాదు. అయితే కథ ఎన్నిక, పాత్రధారుల ఎన్నిక రామబ్రహ్మానివి.

ఇతర దేశాల చారిత్రక చిత్రాలతో పోలిక

చరిత్రను అడ్డం పెట్టుకొని వర్తమానం గురించి మాట్లాడటం ఆ కాలంలో అనేక దేశాల సినిమాలలో కనిపిస్తుంది. మాలపిల్ల విడుదలయిన 1938లోనే సోవియట్ యూనియన్‌లో ఐసెన్‌స్టీన్ తీసిన అలెగ్జాండర్ నెవ్‌స్కీ, ఫ్రాన్సులో ఝాన్ రెన్వార్ తీసిన లా మార్సెయేజ్ వెలువడ్డాయి. మొదటిది ప్రభుత్వ స్టూడియోలో తయారయింది. రెండవదానికి నిధులు సేకరించడానికి ప్రజల నుండి చందాలు కూడా స్వీకరించారు.

చెక్ సినిమా ఉదాహరణ ఇంకా దగ్గరది. చెకోస్లొవేకియాలో 1945లో చిత్రపరిశ్రమను జాతీయం చేశారు. రామబ్రహ్మం మరణించిన 1946లోనే అక్కడ, తరువాత కార్లోవీ వారీ ఉత్సవంగా పేరుపొందిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఆరంభమయింది. 1950లలో ఒటకార్ వావ్రా అనే దర్శకుడు పదిహేనవ శతాబ్దపు హుస్సైట్ ఉద్యమంపై మూడు భారీ చిత్రాలు తీశాడు. మత సంస్కర్త యాన్ హుస్, సేనాని యాన్ జిజ్కా వాటిలో నాయకులు. మతాధికారాన్ని ధిక్కరించిన సంస్కర్త, రైతులతో సైన్యం కట్టిన సేనాని, సమానత్వం కోరే సామాన్యులు అనే అంశాలు పల్నాటి కథలోని బ్రహ్మనాయుడు, కన్నమదాసులను తలపిస్తాయి. తేడా అంతా డబ్బు ఎవరిది అన్నదానిలో ఉంది. వావ్రా వెనుక ప్రభుత్వం ఉంది. అందుచేత వనరులకు కొదువ లేదు గాని, చరిత్రను ప్రభుత్వ సిద్ధాంతానికి అనుగుణంగా మలచారన్న విమర్శ ఆ చిత్రాలను విడిచిపెట్టలేదు. సారథి సంస్థలో రామబ్రహ్మం వెనుక ఉన్నది ఒక జమీందారు, ఎదురుగా ఉన్నది పరాయి ప్రభుత్వపు సెన్సారు. ఈ రెంటి నడుమ దొరికిన ఇరుకు సందులోనే ఆయన పనిచేశాడు.

మరణానంతరం

మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కూడా రైతుకూలీలు పోరాటాలు చేశారు. సారథి సంస్థ మాత్రం చిత్రనిర్మాణం కొనసాగించింది. 1955లో ఆ సంస్థ నిర్మించిన రోజులు మారాయి తిరిగి రైతు సమస్యనే తీసుకొని ఘనవిజయం పొందింది. దాని దర్శకుడు తాపీ చాణక్య, మాలపిల్లకు మాటలు వ్రాసిన తాపీ ధర్మారావు కుమారుడు. ఆ చిత్రానికి కొసరాజు పాట వ్రాశాడు. 1950ల చివరలో హైదరాబాదు అమీర్‌పేటలో వెలసిన సారథి స్టూడియో, తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి తరలిరావడానికి తొలి మెట్లలో ఒకటి.

పల్నాటి యుద్ధం పూర్తిచేసిన ఎల్.వి.ప్రసాద్ 1949లో మనదేశం తీసి నందమూరి తారక రామారావును తెరకు పరిచయం చేశాడు. అదే రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో పల్నాటి యుద్ధం మరొకసారి చిత్రంగా వచ్చింది. ఉత్తరాంధ్ర చరిత్ర కూడా తెరకెక్కింది. 1757 నాటి యుద్ధంపై బొబ్బిలి యుద్ధం 1964లో, మన్యం తిరుగుబాటుపై అల్లూరి సీతారామరాజు 1974లో విడుదలయ్యాయి. విశాఖ మన్యంలోని చింతపల్లి ప్రాంతంలో చిత్రీకరణ జరుపుకున్న ఈ రెండవ చిత్రానికి కూడా, పల్నాటి యుద్ధానికి జరిగినట్లే, దర్శకుడు వి.రామచంద్రరావు నిర్మాణం మధ్యలో మరణించగా ఇతరులు దానిని పూర్తిచేశారు.